తూకం తప్పని ఆక్రమణ

అల్లం ప్రమాదకరం. జీలకర్ర అంతకంటే ప్రమాదకరం. ధనియాలు, యాలకులు, జాజికాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. దాల్చినచెక్క మాత్రం సాధువు, దానివల్ల ఎవరికీ హాని లేదు. ఈ రహస్యం తెలియక మన అమ్మమ్మలు తరతరాలుగా పోపుల పెట్టెను పొయ్యి పక్కన కాపలా కూడా లేకుండా వదిలేశారు. ఇజ్రాయెల్ సైన్యానికి మాత్రం తెలిసింది. 2007లో గాజాను దిగ్బంధించిన నాటి నుంచి 2010 దాకా లోపలికి ఏ సరుకు వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో వాళ్ళే తేల్చారు. జాబితా చూపించమంటే చూపించలేదు. ఇజ్రాయెల్‌లోనే పనిచేసే ‘గిషా’ అనే హక్కుల సంస్థ వ్యాపారులను అడిగి, ఏ సరుకు దాటిందో, ఏది ఆగిందో ఆరా తీసి తానే ఒక జాబితా రాసుకుంది. జామ్, చాక్లెట్, హల్వా, వెనిగర్, తెల్ల కాగితం, సంగీత వాద్యాలు, మేకలు, గాడిదలు, కోడిపిల్లలు అందులో ఉన్నాయి. కోడిపిల్ల ఏ రెజిమెంటుదో ఎవరూ చెప్పలేదు.

అయితే ఇంత కఠినంగా ఉన్నారని వాళ్ళకు మనసు లేదనుకోవద్దు. గాజాలో మనిషి బతకడానికి రోజుకు ఎంత తిండి కావాలో 2008లో కూర్చుని లెక్కగట్టారు. మనిషికి 2,279 కేలరీలు. అందుకు రోజుకు 106 లారీలు. వయసుల వారీగా, ఆడా మగా తేడాతో, గాజాలో పండే కాయగూరలను తీసేసి మరీ చేసిన లెక్క అది. ఇంత శ్రద్ధగా మనవైపు ఏ అత్తగారూ కొత్త కోడలికి అన్నం కొలిచి ఉండదు. ఆ కాగితం బయటపెట్టమని గిషా వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే 2012లో గానీ వెలుగు చూడలేదు. అది ముసాయిదా మాత్రమేననీ, అమలు చేయలేదనీ అధికారులు అన్నారు. నిజమే కావచ్చు. పక్కవాడి పళ్ళెంలో మెతుకులు లెక్కపెట్టి, ఆ లెక్కను వాడబోమని బీరువాలో దాచుకోవడం కూడా ఒక రకం సంస్కారమే.

దీనికి చట్టం చదివినవాళ్ళు పెట్టిన పేరు సమతుల్యం. ఒక పళ్ళెంలో భద్రత, ఇంకో పళ్ళెంలో మానవ హక్కులు. వినడానికి ఎంత బాగుంటుందో! రొట్టె కోసం తగువులాడిన రెండు పిల్లుల కథ మనందరికీ తెలిసిందే. కోతి తక్కెడ తెచ్చి, బరువైన వైపు కాస్త కొరికి, రెండోవైపు బరువెక్కితే అటూ కాస్త కొరికి, ఆఖరికి రొట్టె మొత్తం న్యాయబద్ధంగా మింగేస్తుంది. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న మరో పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో ఆ కథకు చిన్న సవరణ జరిగింది. అక్కడ తక్కెడ పట్టుకున్నది మూడో జంతువు కాదు, ఆ రెండు పిల్లుల్లో ఒకటే.

యుద్ధంలో గెలిచిన సైన్యం పరాయి నేల మీద కొన్నాళ్ళు ఉండాల్సి వస్తే ఎలా మసలుకోవాలో చెప్పే నియమాలు 1907 నాటి హేగ్ నిబంధనల్లోనూ, 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోనూ ఉన్నాయి. వాటన్నిటికీ పునాది ఒక్కటే: ఆక్రమణ తాత్కాలికం. సైన్యం అక్కడ యజమాని కాదు, ఇల్లు తిరిగి అప్పజెప్పేదాకా కాపలాదారు. ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్‌లోకి వచ్చింది 1967 జూన్‌లో. ఆ నెలలో పుట్టిన పాలస్తీనా పిల్లలకు ఇప్పుడు మనవలున్నారు. తాత్కాలికం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఈ తాత్కాలికానికి చక్కని గాలీ వెలుతురూ ఏర్పాటు చేసినవాడు మెయిర్ షమ్‌గార్. 1967లో సైన్యపు ప్రధాన న్యాయాధికారి ఆయనే. తర్వాత అటార్నీ జనరల్ అయ్యాడు, ఆ తర్వాత సుప్రీంకోర్టు అధ్యక్షుడు అయ్యాడు. ఆక్రమిత ప్రాంతంలోని పాలస్తీనా పౌరుడు సైన్యం మీద ఫిర్యాదుతో నేరుగా ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చన్న వెసులుబాటు ఆయన చలవే. ప్రపంచంలో ఏ ఆక్రమణదారూ చేయని ఔదార్యం ఇది. లోపలికి వచ్చినవాళ్ళలో చాలామంది ఓడిపోయి బయటికి వెళ్ళారు. ఓడిపోతే ఏం, వాదన విన్నారు కదా! ప్రతి పిటిషన్ మీదా “విచారించి తీర్పు ఇవ్వబడినది” అన్న ముద్ర పడింది. ముద్రలన్నీ కలిపితే ఆక్రమణకు మంచి గోడకాగితం అయింది.

ఆ కోర్టు ఎప్పుడూ సైన్యం పక్షమే అంటే మాత్రం అబద్ధం. 2004 జూన్ 30న జెరూసలేం వాయవ్యంలోని బేత్ సూరిక్ గ్రామస్థుల కేసులో అధ్యక్షుడు అహరోన్ బరాక్ ఇచ్చిన తీర్పును ప్రపంచవ్యాప్తంగా న్యాయ కళాశాలల్లో పాఠంగా చెబుతారు. వెస్ట్ బ్యాంక్‌లో భద్రత పేరుతో ఇజ్రాయెల్ కడుతున్న గోడకు భూములు తీసుకున్నారు. రైతులకూ వాళ్ళ పొలాలకూ మధ్య గోడ వస్తోంది. బరాక్ మూడు గీటురాళ్ళు తీశాడు. చేసే పనికీ చెప్పిన లక్ష్యానికీ సంబంధం ఉందా? ఇంతకంటే తక్కువ హాని చేసే దారి ఉందా? వచ్చే లాభానికీ జరిగే నష్టానికీ పొంతన కుదిరిందా? మూడో దగ్గర గోడ నిలవలేదు. వివాదంలో ఉన్న సుమారు 40 కిలోమీటర్లలో 30 కిలోమీటర్ల దారి మార్చమన్నాడు. రైతులు గెలిచారు, హక్కులు గెలిచాయి, చప్పట్లు మోగాయి.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. గోడ కట్టడం వెనక ఉన్నది భద్రతే, రాజకీయం కాదు అన్న సైన్యం మాటను కోర్టు ఒప్పుకుంది. అంటే వేరేవాళ్ళ నేల మీద గోడ కట్టవచ్చా అన్న ప్రశ్న ముగిసింది. ఇక మిగిలింది ఎక్కడ కట్టాలి, ఏ రైతు ఎన్ని ఆలివ్ చెట్లు పోగొట్టుకోవాలి అన్న బేరమే. తొమ్మిది రోజుల తర్వాత, జులై 9న, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 14–1 మెజారిటీతో అసలు ప్రశ్నకే జవాబు చెప్పింది: ఆక్రమిత నేల మీద ఈ గోడ చట్టవిరుద్ధం, కూల్చండి, నష్టపరిహారం ఇవ్వండి. ఆ పెద్దలకు పాపం తూకం వేయడం తెలియదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం తన కోర్టు మాటే వింది, గోడను అటూ ఇటూ జరుపుతూ కట్టుకుంటూ పోయింది.

ఇక్కడ భూగోళ శాస్త్రం ఒకటి గమనించాలి. 1949 నాటి యుద్ధ విరమణ రేఖ, అంటే గ్రీన్ లైన్ వెంట గోడ కట్టి ఉంటే ఎవరూ పేచీ పెట్టేవారు కాదు. ఎవరి పెరట్లో వాళ్ళు దడి కట్టుకుంటే అడిగేదెవరు? ఈ గోడకు గీసిన దారి 700 కిలోమీటర్ల పైచిలుకు, ఆ రేఖ కంటే రెట్టింపు కన్నా ఎక్కువ. అందులో సుమారు 85 శాతం వెస్ట్ బ్యాంక్ లోపలే. శత్రువు రాకుండా అడ్డం కట్టే గోడ ఎంత పొట్టిగా ఉంటే కాపలా అంత తేలిక. ఈ గోడ మాత్రం వంకర్లు తిరుగుతూ, ఒక్కో యూదు సెటిల్‌మెంట్‌నూ ఇటువైపుకు చుట్టేసుకుంటూ, మంచి పొలాలూ నీళ్ళూ ఉన్నచోట కాస్త పొట్ట పెంచుకుంటూ నడుస్తుంది. బిలిన్ గ్రామస్థులు ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం ఊరేగింపు తీసి, బాష్పవాయువు పీల్చి, 2007లో కోర్టులో గెలిచారు. గోడ కదిలింది 2011లో. కట్టేటప్పుడు అత్యవసరం, జరిపేటప్పుడు నాలుగేళ్ళు.

గోడకూ రేఖకూ మధ్య ఇరుక్కున్న పొలానికి వెళ్ళాలంటే రైతుకు పర్మిట్ కావాలి. తన పొలానికి, తన చెట్టుకి, తను నాటిన మొక్కకి. ఇజ్రాయెల్ పెట్టిన పర్మిట్లలో 101 రకాలున్నాయని ఆ దేశపు పత్రికే 2011లో లెక్క తేల్చింది. గోడలోని చాలా గేట్లు ఆలివ్ కోతల కాలంలో కొన్నాళ్ళు తెరుస్తారు, మిగతా ఏడాదంతా తాళమే. చెట్టుకు కలుపు, పాదు, కొమ్మ కత్తిరింపు అక్కర్లేదని సైన్యంలోని వ్యవసాయ నిపుణులు నిర్ధారించి ఉంటారు.

మరి బాంబులు? ఆ మాట దాటేసి పోవడం నిజాయితీ కాదు. 2002 మార్చిలో నెతన్యాలోని ఒక హోటల్లో పాసోవర్ విందుకు కూర్చున్నవాళ్ళ మధ్య ఆత్మాహుతి దాడి జరిగింది, 30 మంది చనిపోయారు. బస్సులు, కాఫీ హోటళ్ళు, నాట్యశాలలు పేలాయి. 2023 అక్టోబర్ 7న సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయారు. ఆ భయం ఎవరో కల్పించింది కాదు. పిల్లను బస్సెక్కించిన తల్లి సాయంత్రం దాకా బిక్కుబిక్కుమంటూ గడిపితే ఆమెను వెక్కిరించే హక్కు ఏ రచయితకూ లేదు. నా వ్యంగ్యం ఆమె మీద కాదు. ఆమె భయాన్ని పెట్టుబడిగా పెట్టి కొండల మీద ప్లాట్లు వేసిన పెద్దమనుషుల మీద.

1967 సెప్టెంబర్‌లో, యుద్ధం ముగిసి నాలుగు నెలలు గడవకముందే, ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరాన్ ప్రభుత్వానికి ఒక నోట్ రాసి ఇచ్చాడు: ఆక్రమిత ప్రాంతంలో మన పౌరులకు ఇళ్ళు కట్టించడం నాలుగో జెనీవా ఒప్పందానికి విరుద్ధం. సలహాదారుడి పని సలహా ఇవ్వడం. ప్రభుత్వం పని ఫైల్లో పెట్టుకోవడం. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేశారు. ఇప్పుడు తూర్పు జెరూసలేం కాకుండానే వెస్ట్ బ్యాంక్‌లో ఐదు లక్షల మందికి పైగా ఇజ్రాయెలీలు స్థిరపడ్డారు. ముప్పు ఉందని తెలిసిన చోటికి పిల్లాజెల్లాతో జనాన్ని పంపిస్తారు. పంపాక వాళ్ళకు ముప్పు ఉందంటారు. అందుకని వాళ్ళ చుట్టూ కంచె, కంచె చుట్టూ ఖాళీ జాగా, వాళ్ళ కారు వెళ్ళడానికి వేరే రోడ్డు, రోడ్డుకు చెక్‌పోస్టు, చెక్‌పోస్టుకు బెటాలియన్. తర్వాత కోర్టుకొచ్చి, అయ్యా, ఒకవైపు ఈ అమాయక ప్రాణాలు, ఇంకోవైపు కాసిని ద్రాక్షతీగలు, తూచి చెప్పండి అంటారు. ఏ జడ్జి మాత్రం ద్రాక్షతీగలు బరువని చెప్పగలడు?

ఒకసారి మాత్రం ఈ నాటకంలో పాత్రధారులు సంభాషణ మరిచిపోయారు. 1979లో నాబ్లస్ దగ్గర ఎలోన్ మోరే సెటిల్‌మెంట్ కేసు. భద్రత కోసమే ఆ భూమి కావాలని సైన్యాధిపతి రఫాయెల్ ఎయితాన్ ప్రమాణపత్రం ఇచ్చాడు. అబ్బే, దానివల్ల భద్రతకు ఒరిగేదేమీ లేదని మాజీ సైన్యాధిపతి హయిమ్ బార్ లెవ్ ఇంకో ప్రమాణపత్రం ఇచ్చాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇద్దరికంటే నిజాయితీపరులు. మేము భద్రత కోసం రాలేదు, దేవుడి ఆజ్ఞ మీద వచ్చాం అని కోర్టుకు రాసిచ్చారు. ఇక చేసేదేముంది, కోర్టు సెటిల్‌మెంట్‌ను లేపేయమంది. ఆ సెటిల్‌మెంట్ ఇంకో కొండ మీదికి మారింది, ఇప్పటికీ పచ్చగా ఉంది. ప్రభుత్వం గుణపాఠం నేర్చుకుంది. భద్రత పేరుతో ప్రైవేటు భూమి తీసుకుంటే చిక్కులొస్తున్నాయి, కాబట్టి భూమినే ప్రభుత్వ భూమి అనేస్తే సరి.

అందుకు 1858 నాటి ఒట్టోమాన్ భూచట్టాన్ని దుమ్ము దులిపి తీశారు. కొన్నేళ్ళు దున్నని నేల సుల్తాన్‌ది. సుల్తాన్ పోయి నూరేళ్ళు దాటినా ఆయన ఆస్తి హక్కు మాత్రం నిక్షేపంగా ఉంది. ఇళ్ళు కూల్చడానికీ, విచారణ లేకుండా జైల్లో పెట్టడానికీ 1945లో బ్రిటిష్‌వాళ్ళు తెచ్చిన అత్యవసర నిబంధనలు ఆదర్శం. ఆ నిబంధనలు అప్పట్లో యూదు రహస్య దళాల మీద కూడా ప్రయోగించారు. 1946లో టెల్ అవీవ్‌లో యూదు న్యాయవాదులు సభ పెట్టి వాటిని దుమ్మెత్తిపోశారు. అక్కడ అందరికంటే ఘాటుగా మాట్లాడినవాళ్ళలో యాకోవ్ షిమ్షోన్ షపీరా ఒకడు. 1967లో ఆక్రమణ మొదలైనప్పుడు ఇజ్రాయెల్ న్యాయశాఖ మంత్రి ఎవరనుకున్నారు? ఆ షపీరాయే. మనం మరీ పగలబడి నవ్వక్కర్లేదు లెండి. క్విట్ ఇండియాను అణచడానికి తెల్లవాడు 1942లో తెచ్చిన ఆర్డినెన్సు వరసలోనే 1958లో మన పార్లమెంటు చేసిన సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఈశాన్యంలో ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది. తెల్లదొర పోతూ పోతూ అందరికీ ఒకే దుకాణం నుంచి బహుమతులు పంచాడు.

ఇల్లు కూల్చడం సంగతి చూడండి. దాడి చేసినవాడు చచ్చాడు లేదా జైల్లో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది తల్లి, భార్య, పిల్లలు. కూల్చేది వాళ్ళ ఇల్లు. దానివల్ల దాడులు తగ్గుతాయన్నది అనుమానమేనని సైన్యం వేసుకున్న కమిటీయే తేలిస్తే 2005లో ఆపారు. 2014లో మళ్ళీ మొదలుపెట్టారు. కోర్టు ఇక్కడా తూకం వదల్లేదు. కొన్ని కేసుల్లో వాడు ఉన్న అంతస్తు మటుకే కూల్చండి, కింది అంతస్తు జోలికి పోవద్దు అంది. మానవ హక్కులు కింది వాటాలో సురక్షితం. 2014లోనే పదహారేళ్ళ పాలస్తీనా కుర్రాడిని ఎత్తుకెళ్ళి నిలువునా కాల్చి చంపిన యూదు హంతకుల ఇళ్ళూ కూల్చమని ఆ పిల్లాడి ఇంటివాళ్ళు అడిగారు. యూదుల్లో అలాంటి నేరాలు అరుదు, అక్కడ ఇళ్ళు కూల్చి భయపెట్టాల్సిన అవసరం లేదని ప్రభుత్వం వాదించింది. 2017లో కోర్టు పిటిషన్ కొట్టేసింది.

ఒకే కొండ, ఒకే రోడ్డు, రెండు చట్టాలు. సెటిల్‌మెంట్ కుర్రాడు రాయి విసిరితే ఇజ్రాయెల్ పౌర చట్టం, లాయరు, బెయిలు. పక్క ఊరి పాలస్తీనా కుర్రాడు అదే రాయి విసిరితే సైనిక చట్టం, సైనిక కోర్టు, పన్నెండేళ్ళు నిండితే చాలు. 2010లో ఆ కోర్టుల్లో శిక్షపడిన కేసులు 99 శాతం పైనే అని వాటి వార్షిక నివేదికే చెప్పింది. మన రాష్ట్రాల ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీలు కూడా ఇలాంటి ఫలితాలు ప్రకటించడానికి జంకుతాయి. ఇక 1967 ఆగస్టు నాటి 101వ సైనిక ఉత్తర్వు ప్రకారం రాజకీయం మాట్లాడటానికి పదిమంది ఒకచోట చేరాలంటే సైన్యం అనుమతి కావాలి, లేకపోతే పదేళ్ళ దాకా జైలు. తొమ్మిదిమందైతే ఫరవాలేదు. కాబట్టి వాక్ స్వాతంత్ర్యం అక్కడ నూటికి నూరుపాళ్ళూ ఉంది, పదో మనిషి రాకుండా చూసుకోవాలి, అంతే.

దక్షిణ హెబ్రోన్ కొండల్లోని మసాఫెర్ యత్తా సైనికులు తుపాకీ గురి చూసుకునే స్థలమట. పేరు 918వ ఫైరింగ్ జోన్. ఊళ్ళ విస్తరణను అడ్డుకోవడానికి అక్కడ ఫైరింగ్ జోన్ పెడదామని 1981లో మంత్రి ఏరియల్ షారోన్ అన్నట్టు సమావేశపు మినిట్స్ తర్వాత బయటపడ్డాయి. అవి బయటపడ్డాక కూడా, రెండు దశాబ్దాలు దాటిన వ్యాజ్యం తర్వాత, 2022 మేలో సుప్రీంకోర్టు సుమారు వెయ్యిమందిని అక్కడి నుంచి పంపించవచ్చంది. తీర్పు రాసిన జడ్జి డేవిడ్ మింట్స్ ఇల్లు వెస్ట్ బ్యాంక్‌లోని డోలెవ్ అనే సెటిల్‌మెంట్‌లో. స్థానిక పరిస్థితులు బాగా తెలిసినవాడన్నమాట. ఆ ఊళ్ళ కూల్చివేతల మీద పాలస్తీనా, ఇజ్రాయెల్ యువకులు కలిసి తీసిన ‘నో అదర్ ల్యాండ్’ డాక్యుమెంటరీకి 2025లో ఆస్కార్ వచ్చింది. బుల్డోజర్లు ఆ అవార్డు సభ ప్రసారం చూడలేదు, పనిలో ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో దూరం కదా, మనకెందుకు అనేవాళ్ళకు ఒక శుభవార్త. దూరం అంతగా లేదు. ఇజ్రాయెల్ ఎల్బిట్, మన అదానీ కలిసి హెర్మెస్ 900 డ్రోన్లు చేసే కర్మాగారం 2018 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో తెరిచారు. ఇజ్రాయెల్ బయట అలాంటిది అదే మొదటిది. ఇక్కడ తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్ వెళ్ళాయని 2024లో వార్తలొచ్చాయి. ఆయుధాల ఎగుమతి ఆపమని వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబర్‌లో మన సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం మా పని కాదంది. 2023 అక్టోబర్ తర్వాత లక్షమందికి పైగా పాలస్తీనా కూలీల పని పర్మిట్లు ఆగిపోయాయి. వాళ్ళు వదిలిన తాపీలు, సెంట్రింగ్ చెక్కలు పట్టుకోవడానికి భారతీయ కార్మికులు కావాలన్నారు, ఎంపికలు హైదరాబాద్‌లో కూడా జరిగాయి. ఇక్కడ కూలి గిట్టక అప్పుచేసి అక్కడికి వెళ్ళే మేస్త్రీ మీద నాకు ఒక్క మాట కూడా లేదు. ఒక ఊరివాడి పర్మిట్ చించి ఇంకో ఊరివాడి వీసాగా అతికించే గుమాస్తా పనితనం మీద మాత్రం అభిమానం ఉంది.

2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నడూ ఎవరూ తక్కెడలో పెట్టని వస్తువును తీసి బల్ల మీద పెట్టింది. చెట్లు, గోడలు, పర్మిట్లు ఒక్కొక్కటీ తూచడం పక్కనపెట్టి, ఈ ఆక్రమణ కొనసాగడమే చట్టవిరుద్ధం, వీలైనంత త్వరగా ముగించండి అంది. సెప్టెంబర్ 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 12 నెలల గడువు పెట్టింది. అనుకూలం 124, వ్యతిరేకం 14, తటస్థం 43. మన దేశం తటస్థం. గాంధీ పుట్టిన నేల, వలసపాలన మీద లక్ష ఉపన్యాసాలు ఇచ్చిన నేల, తక్కెడ ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడేలా చూసుకుంది. గడువు ముగియడానికి నెల ముందు, 2025 ఆగస్టులో, జెరూసలేం పక్కన ఈ-1 అనే జాగాలో సుమారు 3,400 కొత్త ఇళ్ళకు ఇజ్రాయెల్ అధికారులు అనుమతి ఇచ్చారు. ఆ ఇళ్ళకు భద్రత కావాలి కదా, ప్లాన్లు గీసే పని అప్పుడే మొదలైంది.